ఆఖరి గిరాకీ

ఏ హోటల్‌కైనా ఆఖరి గిరాకీని నేనే.
తిననీకి రాను, తూకానికొస్త.
టేపు, కాంటా, ఒక ట్రాలీ ఆటో.
ఎవలూ కూర్చోమనరు.
కుర్చీలు అప్పటికే ఒకదాని మీద ఒకటి
బోర్లించి ఉంటయ్.

ఈ ఏడాది ఎర్రగడ్డల నా గోదాము
షహర్ల అన్నిటికంటె పెద్ద హోటల్ అయింది.
పద్నాలుగు గ్రైండర్లు, తొమ్మిది ఫ్రీజర్లు,
నాలుగు వందల కుర్చీలు,
తినేటోడు ఒక్కడు లేడు.
పేపర్ల మాంద్యమని రాస్తున్రు.
నాకు మాంద్యమంటె
గోదాముల కాలు పెట్ట జాగ లేకపోవుడు.

మాదాపూర్ల ఒకటి ఎత్తిన.
కాఫీ మిషన్ మీది ప్లాస్టిక్ కవర్ గూడ పూర్తిగ ఊడలె.
గోడకు రెక్కలు గీసిన్రు, నిలవడి ఫోటో దిగనీకి.
మెనూ పెండ్లి ఆల్బమంత బరువు.
ఎదురు బిల్డింగుల మూడు వందల మంది
ఒక్క శుక్రవారం మెడల కార్డులు తీసిచ్చి పోయిన్రంట.
సోమవారం నుంచి
రెక్కల ముందట నిలవడెటోళ్లు లేరు.
"మార్కెట్ బాలేదన్నా" అన్నడు హృషికేశ్,
ఇరవై ఆరేండ్లుంటయేమో.
నేను కాదనలె.
ధర దించనీకి నాకు గా మాట పనికొస్తది.
బోర్డు గూడ తీస్కపొమ్మన్నడు.
బోర్డులు కొనను నేను,
పేరు ఎవలూ సెకండ్‌హ్యాండ్ల కొనరు.

వంట బాలేక మూతబడ్డయ్ అనుకుంటరు.
గట్లయితె ముషీరాబాద్ల యాకూబ్ సాబ్ హోటల్
నూరేండ్లు నడవాలె.
తెల్లారగట్ల నాలుగింటికి పాయా ఉడుకుతుంటె
సందు సందంతా లేచేది.
ఇంటి ఓనరు కిరాయి డబల్ చేసిండు,
తమ్ముడు వాటా అడిగిండు,
రెండూ ఒక్క నెలల.
నేను రాగి డేగ్ ఎక్కిస్తుంటె
ఒకాయన గిన్నె పట్టుకొని వచ్చి నిలవడ్డడు,
"రేపు తీస్తరా సాబ్?"
యాకూబ్ సాబ్ నా దిక్కు చూసిండు,
జవాబు నేను చెప్పాలన్నట్టు.

మరి రామంతపూర్ల లింగవ్వ మెస్ ఎట్ల నిలవడ్డది?
నేను అక్కడ తింట, అందుకె తెలుసు.
గోడ మీద ఇరవై రెండు పేర్లుండె,
సున్నం కొట్టి నాలుగు ఉంచింది.
కూర పలచన చెయ్యలె, గరిటె చిన్నది చేసింది.
చేసినట్టు చెప్పింది గూడ.
"పప్పు పిరమైంది బిడ్డా,
నీళ్లు పోసుడు నాకు చాతగాదు."
కొలువు పోయిన కోచింగ్ పిల్లగాడొకడు
ఖాతా పుస్తకంల ఎనిమిది పేజీలు నిండిండు,
ఇప్పుడు గా పుస్తకం వాడే రాస్తున్నడు.

ఆగుండ్రి, చప్పట్లు కొట్టకుండ్రి.
గా ఇల్లు లింగవ్వది. సొంతం.
పెనిమిటి మిల్లు పైసలతోని ఎన్నడో కట్టిండు.
ఒకటో తారీకు ఆమె తలుపు కొట్టేటోడు లేడు.
గది చెప్పకుంట
చిన్న గరిటె నీతి చెప్తె అబద్ధమైతది.

నాలుగు నెలలకు యాకూబ్ సాబ్ గోదాముకొచ్చిండు.
ఏం గావాలె అని అడగలె నేను.
గ్రైండర్లు దాటిండు, ఫ్రీజర్లు దాటిండు,
చీకట్ల డేగ్ కాడికి సీదా పోయిండు.
వేలి ముడితోని ఒక్కపారి కొట్టి
చెవి పెట్టి విన్నడు.
"ఎంత?"
చెప్పిన.
నవ్విండు. "గంతుంటె అమ్ముకుంటుంటినా?"
ఆయితారం ఒక్కరోజు, బండి మీద, కిరాయికన్నడు.
రెండు వందలన్న. నూటయాభై అన్నడు.
ఇన్నేండ్లల సామాను అమ్మిన గని
కిరాయికి ఎన్నడియ్యలె.
సరే అన్న.

ఇద్దరం పట్టి ట్రాలీకి ఎక్కిచ్చినం.
తెచ్చిన నాటికంటె
అల్కగ అనిపిచ్చింది.
అనుమానమొచ్చి దించి
కాంటా మీద పెట్టి చూసిన.
అదే నలభై మూడు కిలోలు.